ఊరికి ఆర్చి కట్టించే ముందు మీ చిమ్నీ చూసుకోండి: చిన్న ఫ్యాక్టరీ వాళ్లకి సామాజిక బాధ్యత ఎలా చేయాలి

మిర్యాలగూడ వైపు ఒక ఉప్పుడు బియ్యం మిల్లుకి కొన్నాళ్లు లెక్కలు చూశాను, పేరెందుకులెండి. సేటు మనసు మంచిది. ఊరి మొదట్లో రెండున్నర లక్షలు పెట్టి సిమెంటు ఆర్చి కట్టించాడు, పైన వాళ్ల నాన్న పేరు. దసరా పందిరి ఖర్చు ఆయనదే, బడికి బెంచీలు ఆయనవే, అడిగినవాళ్లని కాదనడు. ఆ ఎండాకాలమే ఒక పొద్దున పాతిక ముప్పై మంది ఆడవాళ్లు వచ్చి గేటు ముందు బైఠాయించారు. అందులో ఒక పెద్దామె చాటలో వడియాలు తెచ్చి సేటు ముందు పెట్టింది, నల్లగా ఉన్నాయి. "ఆర్చి కట్టిస్తివి సేటూ, మంచిగనే ఉంది. మా వడియాలల్ల బూడిద పోస్తివి, మరి గిదెట్ల?" అంది. ఆయన దగ్గర జవాబు లేదు.

రెండు రోజులు లారీలు కదల్లేదు, అదీ సీజన్ మధ్యలో. ట్యాంకుల్లో నానుతున్న వడ్లు పులిసిపోయాయి, లారీల వాళ్లు వెయిటింగు ఛార్జీ వేశారు, బాయిలర్ చల్లారింది. తర్వాత కూర్చుని లెక్క వేస్తే ఆర్చి ఖర్చుకి రెట్టింపు పోయినట్టు తేలింది. తమాషా ఏంటంటే చిమ్నీకి బూడిద పట్టే యంత్రం పెట్టించమని ఒక కంపెనీ వాళ్లిచ్చిన కొటేషన్ ఏడాదిగా ఆయన సొరుగులోనే ఉంది, ఖర్చెక్కువని.

సీఎస్ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత, అనగానే మన దగ్గర చాలామందికి ఆర్చి, పందిరి, మొక్కలు నాటుతూ ఫోటో, ఇవే గుర్తొస్తాయి. అది దానం. దానం చేయండి, వద్దనడం లేదు, కానీ దానికీ వ్యాపారానికీ ముడి పెట్టకండి. వ్యాపారానికి పనికొచ్చే బాధ్యత మీ గోడ లోపల మొదలై మెల్లగా బయటికి వెళ్తుంది. ఎలా చేయాలో నాకు తెలిసిన వరుసలో చెబుతాను. బియ్యం మిల్లునే ఉదాహరణగా పెట్టుకుంటున్నాను, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి. మీది స్పిన్నింగు మిల్లయినా, రొయ్యల ప్లాంటయినా, రేకుల ఫ్యాక్టరీ అయినా దారి ఇంచుమించు ఇదే.

మొదటి పని: గోడ బయట నుంచి ఒక చుట్టు తిరిగి రండి

కారులో కాదు, నడిచి. పొద్దున ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి పది దాటాక ఇంకోసారి. మేనేజర్‌ని వెంట తీసుకెళ్లొద్దు, ఆయన తనకి అనువైన దారిలోనే తిప్పుతాడు. మీ కాలవ ఎక్కడ ఆగుతుందో, ఎవరి పొలంలో కలుస్తుందో చివరిదాకా వెళ్లి చూడండి. పొగ ఎటు పోతోంది? లారీలు ఎక్కడ ఆగుతున్నాయి, బడికి వెళ్లే పిల్లలు వాటి మధ్య నుంచి నడుస్తున్నారా? హమాలీలు స్నానం ఎక్కడ చేస్తున్నారు? కనపడినవన్నీ ఫోన్‌లో ఫోటో తీసుకుని, ఒక మామూలు నోటుబుక్కులో రాసుకోండి.

గేటు ఎదురుగా టీ కొట్టు ఉంటుంది కదా, అక్కడ ఒక అరగంట కూర్చోండి. పెద్ద పెద్ద కంపెనీలు లక్షలు పోసి చేయించే సర్వేల కంటే ఆ కొట్టు ఆయన ఎక్కువ చెబుతాడు, కాకపోతే మొదటి రోజు చెప్పడు, మూడో రోజు చెబుతాడు.

రెండో పని: పన్నెండు నెలల బిల్లులు ఒక చోట పెట్టండి

కరెంటు బిల్లు, డీజిల్, ఎన్ని క్వింటాళ్ల ఊక కాల్చారు, ఎంత అమ్మారు, బోరు ఎన్ని గంటలు నడిచింది, బూడిద ఎత్తిపోయించడానికి ట్రాక్టర్లకి ఎంత ఇచ్చారు, ఎంతమంది కూలీలు మధ్యలో మానేశారు, వాళ్లకి ఇచ్చిన అడ్వాన్సులు ఎన్ని మునిగాయి. నెలలవారీగా ఒక కాగితం మీదకి తెచ్చి, పక్కన ఆ నెల ఆడించిన వడ్లు ఎన్ని టన్నులో రాయండి. టన్నుకి ఎన్ని యూనిట్లు, టన్నుకి ఎన్ని లీటర్లు అన్నది అప్పుడు తెలుస్తుంది. పర్యావరణం అన్న మాట పెద్దగా వినపడుతుంది గానీ ఫ్యాక్టరీలో అది ఈ కాగితమే. మీరు పారేస్తున్నది ఏదైనా ముందు మీరు డబ్బు పెట్టి కొన్నదే.

ఈ కాగితం లేకుండా మూడో పనికి వెళ్లకండి. ఎందుకంటే ఏడాది తర్వాత "ఏం మిగిలింది" అని మీ తమ్ముడో మీ పార్ట్‌నరో అడుగుతాడు, అప్పుడు చూపించడానికి పాత అంకె ఉండాలి.

మూడో పని: ఏడాదిలో డబ్బు వెనక్కి ఇచ్చేవి ముందు చేయండి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మొదట్లో లాభం కనపడకపోతే ఇంట్లోవాళ్లు మిగతావి చేయనివ్వరు.

కంప్రెసర్‌తో మొదలుపెట్టండి. బియ్యంలో నల్ల గింజలు ఏరే సార్టెక్స్ మిషన్ గాలితోనే నడుస్తుంది, ఆ గాలి లీకేజీ మీద ఎవరి కన్నూ పడదు. సరిగా చూసుకోని ఫ్యాక్టరీల్లో కంప్రెసర్ తయారు చేసే గాలిలో 20 నుంచి 30 శాతం దాకా ఇలా పోతుంటుంది. పరీక్ష చాలా సులువు: ఆదివారం అన్ని మిషన్లూ ఆపేసి కంప్రెసర్ ఒక్కటీ వేయండి. గాలి ఎవరూ వాడటం లేదు కాబట్టి ట్యాంకు నిండాక అది లోడు వదిలేసి ఊరికే ఉండాలి. కానీ లీకేజీ ఉంటే మళ్లీ మళ్లీ లోడు తీసుకుంటుంది. ఎన్ని నిమిషాలు లోడు మీద ఉంది, ఎన్ని నిమిషాలు ఖాళీగా ఉంది, వాచీ పట్టుకుని రాయండి. 3 నిమిషాలు లోడు, 9 నిమిషాలు ఖాళీ అనుకోండి, పన్నెండులో మూడు, అంటే 25 శాతం గాలి కన్నాల్లోంచి పోతోంది. 30 కిలోవాట్ల కంప్రెసర్ రోజుకి 16 గంటలు నడిస్తే ఇంచుమించు 120 యూనిట్లు, యూనిట్ 7 రూపాయలు వేసుకున్నా రోజుకి 840, నెలకి పాతిక వేలు. దీనికి మందు ఏంటంటే సబ్బు నురగ, కొత్త పైపు ముక్కలు, నాలుగు క్లాంపులు, ఒక మెకానిక్ కూలి.

తర్వాత పవర్ ఫ్యాక్టర్, అంటే లైన్లోంచి లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చిన వంతు. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉన్నవాళ్లకి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బిల్లు కేవీఏహెచ్ లెక్కన, అంటే లాగిన మొత్తం మీద వస్తుంది. దాని అర్థం పవర్ ఫ్యాక్టర్ 0.9 ఉంటే మీరు నిజంగా వాడింది 100 యూనిట్లయినా బిల్లు 111కి పడుతుంది. దాన్ని సరిచేసే కెపాసిటర్లు కాలిపోయి ఎన్నాళ్లయిందో చాలా మిల్లుల్లో ఎలక్ట్రీషియన్‌కి కూడా తెలియదు, ఆ ప్యానెల్ తలుపు తెరిస్తే బల్లులు బయటికొస్తాయి. తెరిపించండి.

మూడోది ఆవిరి. బాయిలర్ నుంచి ట్యాంకుల దాకా వెళ్లే పైపుల మీద చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే మీ ఊక గాలిలోకి పోతున్నట్టే లెక్క. గ్లాసు ఊలు చుట్టించండి, డ్రయ్యర్ నుంచి తిరిగొచ్చే వేడి నీళ్లు కాలవలోకి వదలకుండా మళ్లీ బాయిలర్‌కి పంపండి. మిగిలిన ఊక అమ్ముకోవచ్చు, ఇటుక బట్టీల వాళ్లు కొంటారు, బాయిలర్లున్న వేరే ఫ్యాక్టరీల వాళ్లు కొంటారు.

సోలార్ గురించి అందరూ అడుగుతారు. రేకుల షెడ్డు ఎలాగూ ఉంది, కిలోవాటుకి రోజుకి సగటున 4 యూనిట్లు వస్తాయి, ఆదాయపు పన్నులో 40 శాతం తరుగుదల కూడా చూపించుకోవచ్చు. మంచిదే. కానీ మిల్లు ఏడాదిలో కొన్ని నెలలు ఖాళీగా ఉంటుంది కాబట్టి ఆ నెలల కరెంటుకి డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఎంత ఇస్తుందో ముందే రాతపూర్వకంగా తెలుసుకుని సైజు పెట్టుకోండి. ఇంకో మాట, పైన చెప్పిన లీకేజీలు మూయకుండా సోలార్ పెట్టొద్దు, చిల్లు కుండకి కొత్త కుళాయి పెట్టినట్టుంటుంది.

నాలుగో పని: డబ్బు రాకపోయినా, చేయకపోతే తాళం పడేవి

పొగ, బూడిద, మురుగు. ఇవి లాభం కోసం చేసేవి కాదు, వ్యాపారం ఉండటం కోసం చేసేవి.

వడ్లలో ఇంచుమించు ఐదో వంతు ఊక, ఊకలో ఇంచుమించు ఐదో వంతు బూడిద. అంటే కాల్చిన ప్రతి 5 టన్నుల ఊకకి ఒక టన్ను బూడిద ఎక్కడో ఒక చోట పడాల్సిందే. చిమ్నీకి సైక్లోన్, బ్యాగ్ ఫిల్టర్ పెడితే అది మీ తొట్టిలో పడుతుంది, పెట్టకపోతే వడియాల మీద పడుతుంది. తొట్టిలో పడిన దానికి బేరం ఉంది, ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా కాబట్టి ఇటుకల వాళ్లు, సిమెంటు వాళ్లు తీసుకుంటారు, స్టీలు ప్లాంట్లలో కరిగిన లోహం చల్లారకుండా పైన కప్పడానికి కూడా వాడతారు. ట్రాక్టర్ మీద పట్టా కప్పకుండా మాత్రం ఒక్క ట్రిప్పు కూడా పంపొద్దు, మీరు ఫిల్టర్‌కి పెట్టిన లక్షలన్నీ ఆ ఒక్క ట్రాక్టర్ రోడ్డు మీద పోసేస్తుంది.

నానబెట్టిన నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. కిలో వడ్లకి లీటరు పైనే నీళ్లు పడతాయి, రోజుకి 100 టన్నులు ఆడించే మిల్లయితే లక్ష లీటర్ల పైమాట. పసుపుపచ్చగా, పులిసిన వాసనతో ఉంటాయి. వాటిని శుద్ధి చేయకుండా పక్క పొలంలోకి వదిలితే ఆ రైతు మొదటి ఏడాది అడుగుతాడు, రెండో ఏడాది తిడతాడు, మూడో ఏడాది కాలుష్య నియంత్రణ మండలికి రాస్తాడు. ఈటీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) కట్టడం ఒక ఎత్తు, నడపడం ఇంకో ఎత్తు. ఇన్‌స్పెక్షన్ రోజు మాత్రమే మోటారు వేసే ఈటీపీలు నేను చూశాను, మీరూ చూసే ఉంటారు. దాని కరెంటుకి విడిగా మీటరు పెట్టండి, రోజూ రీడింగు రాయించండి. మీటరు తిరగకపోతే మీకే తెలిసిపోతుంది.

"ఇన్నాళ్లు ఏం కాలేదు కదా" అంటారు. తమిళనాడులో తిరుప్పూర్ వాళ్లు కూడా అలాగే అనుకున్నారు. నొయ్యల్ నదిలోకి రంగు నీళ్లు వదులుతున్నారని 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి డైయింగ్ యూనిట్లన్నీ మూసేయమంది, ఏడు వందలకు పైగా యూనిట్లు ఒకేసారి ఆగాయి, బనియన్ల వ్యాపారం మొత్తం తలకిందులైంది. చుక్క నీరు బయటికి వదలకుండా శుద్ధి చేసుకునే ఏర్పాటు చేసుకున్నాకే తెరుచుకున్నాయి. ముందే పెట్టుకుని ఉంటే ఆ నెలల ఆర్డర్లు పోయేవి కావు.

మన పటాన్‌చెరు కథ ఇంకో రకం. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షిస్తే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మనిషి ఆ మాత్ర వేసుకుంటే రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. శుద్ధి చేసిన నీళ్లలో! ఆ ఒక్క పరిశోధనతో హైదరాబాద్ మందుల ఫ్యాక్టరీల పేరు యూరప్‌లో చర్చకి వచ్చింది, అక్కడి ఇన్వెస్టర్లు, మందులు కొనే సంస్థలు వ్యర్థాల గురించి ప్రశ్నలు మొదలుపెట్టారు. మన దేశంలో రూలు ఏమంటుందన్నది వేరు, కొనేవాడు ఏమడుగుతాడన్నది వేరు, ఎగుమతి చేసేవాళ్లకి రెండోదే గట్టిది.

ఎల్‌జీ పాలిమర్స్ సంగతి విశాఖ వాళ్లకి చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరిన్ ఆవిరి ఊరి మీదకి వచ్చింది, పన్నెండు మంది పోయారు, గ్రీన్ ట్రిబ్యునల్ ముందు 50 కోట్లు కట్టమంది. లాక్‌డౌన్‌లో ఆపిన ప్లాంటుని, నిల్వ ఉన్న ట్యాంకుని చూసుకోవడంలో లోపం అది. మీ మిల్లులో స్టైరిన్ ఉండకపోవచ్చు, కానీ గార్డు లేని బెల్టు, మూత లేని గొయ్యి ఉంటాయి.

సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ (ఫ్యాక్టరీ పెట్టడానికి, నడపడానికి కాలుష్య మండలి ఇచ్చే అనుమతులు) కాగితాలు, వాటి గడువు తేదీలు ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాల్లో అతికించండి. ఇది చెప్పాల్సిన విషయం కాదు గానీ గడువు దాటాక గుర్తొచ్చేవాళ్లే ఎక్కువ.

ఐదో పని: మీ మనుషులు

2020 లాక్‌డౌన్ గుర్తు చేసుకోండి. మే 1న దేశంలో మొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది మన లింగంపల్లి నుంచే, జార్ఖండ్ హటియాకి, వలస కూలీలతో. సరిగ్గా వారానికి, మే 8న, అదే లింగంపల్లికి ఎదురు రైలు వచ్చింది, బిహార్‌లోని ఖగడియా నుంచి, రెండు వందల పైచిలుకు హమాలీలతో, ఎందుకంటే యాసంగి వడ్లు కుప్పలుగా పడి ఉన్నాయి, తెలంగాణ మిల్లుల్లో బస్తా దించేవాడు లేడు. బాయిలర్ లేకపోతే మిల్లు ఆగుతుందని అందరికీ తెలుసు. హమాలీ లేకపోయినా ఆగుతుందని ఆ వారం తెలిసింది.

అయినా వాళ్లుండే గదులు చూస్తే బాధేస్తుంది. రేకుల కింద పది మంది, ఫ్యాన్ ఒకటి, మరుగుదొడ్డి లేదు. సీజన్ మధ్యలో చెప్పకుండా వెళ్లిపోతారని ఓనర్లు తిట్టుకుంటారు, అడ్వాన్సు మునిగిందంటారు. మీ రెండో పని కాగితంలో మునిగిన అడ్వాన్సుల అంకె ఉంది కదా, అది చూసుకుని రెండు బాత్రూములు, నాలుగు ఫ్యాన్లు, ఒక ఆర్ఓ నీళ్ల మిషన్‌కి ఎంతవుతుందో అడగండి. నేను చూసినంతలో మొదటిదే పెద్ద అంకె.

చేయాల్సినవి ఇవి, ఇందులో చాలావరకు చట్టమే అడుగుతుంది కాబట్టి గొప్ప కూడా చెప్పుకోలేం. పది మంది ఉంటే ఈఎస్ఐ, ఇరవై మంది ఉంటే పీఎఫ్. పది మంది ఉన్న చోట ఆడవాళ్ల మీద వేధింపుల ఫిర్యాదులకి కమిటీ, 2013 చట్టం ప్రకారం. చాలామంది కమిటీ పేర్లు కాగితం మీద రాసి పెడతారు, ఆ పేర్లున్న వాళ్లకే వాళ్లు సభ్యులని తెలియదు. ఊక దుమ్ముకి మాస్కులు, కళ్లద్దాలు. బెల్టుల మీద జాలీ గార్డులు, ఎందుకంటే భుజం మీది తువ్వాలు బెల్టులో పడితే మనిషి కూడా దాంతోపాటే వెళ్తాడు. కూలి డబ్బులు మేస్త్రీ చేతికి కాకుండా ఎవరిది వాళ్ల బ్యాంకు ఖాతాలో వేయండి. మొదట మేస్త్రీ అలుగుతాడు, పంటి బిగువున పది రోజులు ఓర్చుకోండి.

ఆరో పని: ఊరు

ఇప్పుడు బయటికి వెళ్లొచ్చు. కానీ చెక్కు పుస్తకంతో కాదు. గ్రామసభ జరిగినప్పుడు వెళ్లి వెనక వరసలో కూర్చోండి, స్టేజీ ఎక్కకండి. గేటు దగ్గర ఒక ఫోన్ నెంబరు రాసిన బోర్డు పెట్టండి, ఆ ఫోన్ ఎత్తే మనిషికి తెలుగు మర్యాదగా వచ్చి ఉండాలి. వచ్చిన ప్రతి ఫిర్యాదూ తేదీతో రిజిస్టర్‌లో రాసి, ఏం చేశారో పక్కన రాయండి. రేపు ఎవరైనా కేసు వేస్తే లాయర్ అడిగే మొదటి కాగితం ఇదే.

ఏం చేయాలని ఊరిని అడిగితే గుడి అంటారు, ఆర్చి అంటారు, అది వాళ్ల తప్పు కాదు, ఇన్నాళ్లు మనం ఇచ్చినవి అవే. ఆడవాళ్లని విడిగా అడగండి. నీళ్లు, వీధి దీపం, బడి దగ్గర లారీల స్పీడు, ఇలాంటివి వస్తాయి. మీ వ్యాపారం వల్ల ఊరికి కలిగిన ఇబ్బంది ఏదో అది ముందు తీర్చండి. మీ లారీలు గుంతలు చేసిన రోడ్డుకి మట్టి పోయించడం కంటే ఎక్కడో జిల్లా కేంద్రంలో రక్తదాన శిబిరం పెట్టించడం తేలిక, ఫోటోకి కూడా బాగుంటుంది, కానీ గేటు ముందు కూర్చునేవాళ్లు జిల్లా కేంద్రం నుంచి రారు.

మొక్కలు నాటే సరదా ఉంటే వెయ్యి నాటి ఫోటో దిగొద్దు, వంద నాటి మూడు ఎండాకాలాలు నీళ్లు పోయించండి, ఒక మనిషికి జీతం ఇచ్చి. వేప, కానుగ పెట్టండి, మిల్లు గోడ వెంట గుబురుగా పెరిగితే దుమ్ము కూడా కొంత ఆపుతాయి.

ఏడో పని: మీకు సరుకిచ్చేవాళ్లు

ఊరికీ కంపెనీకీ ఇద్దరికీ లాభం ఉన్న పనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది, భద్రాచలం దగ్గర సారపాకలో ఐటీసీ కాగితం మిల్లు. 1988 జాతీయ అటవీ విధానం వచ్చాక, అడవుల మీద ఆధారపడొద్దు, కలప రైతుల దగ్గర పెంచుకోండి అని ప్రభుత్వం పరిశ్రమలకి చెప్పేసింది. వాళ్లు జామాయిల్‌లో బాగా పెరిగే చెట్లని ఏరి, వాటి కొమ్మల నుంచే మొక్కలు చేసి, 1992 నుంచి రైతుల పొలాల్లో పెట్టించడం మొదలుపెట్టారు. నీళ్లు లేని భూముల్లో రైతుకి ఒక పంట, మిల్లుకి కలప. పరోపకారం అని చేస్తే మూడేళ్లలో ఆగిపోయేది, తమకి అవసరం కాబట్టి నిలిచింది. జామాయిల్ భూమిలో నీరు లాగేస్తుందన్న వాదన ఉంది, అది వేరే చర్చ.

బియ్యం మిల్లుకి ఇలాంటిది ఏముంది? మందుల అవశేషాలు. అగ్గి తెగులుకి కొట్టే ట్రైసైక్లజోల్ మందు బియ్యంలో ఎంత ఉండొచ్చన్న హద్దుని యూరప్ 2018 నుంచి కిలోకి 0.01 మిల్లీగ్రాముకి తగ్గించేసింది, అంటే పది కోట్ల భాగాల్లో ఒక్క భాగానికి మించకూడదు. మీరు నేరుగా ఎగుమతి చేయకపోయినా మీ దగ్గర కొనే ట్రేడర్ చేయొచ్చు. కాబట్టి మీకు వడ్లు తెచ్చే రైతులకి ఏ మందు, కోతకి ఎన్ని రోజుల ముందు ఆపాలన్నది పొట్ట దశకి ముందే చెప్పించండి, మండల వ్యవసాయ అధికారిని పిలిచి మీ మిల్లు షెడ్డులోనే మీటింగు పెట్టించండి, చాయ్ ఖర్చు మీది. శుభ్రమైన వడ్లు విడిగా దించి, క్వింటాలుకి కొంచెం ఎక్కువ ఇవ్వండి. ఎక్కువ ఇవ్వకుండా మాటలు మాత్రం చెబితే ఎవరూ వినరు, నేనైనా విననని మొహం మీదే చెబుతాను.

ఇంకోటి, మీకు గోనెసంచులు, రిపేర్లు, ట్రాన్స్‌పోర్టు చేసే చిన్నవాళ్లకి డబ్బు టైముకి ఇవ్వండి. సూక్ష్మ, చిన్న సంస్థలకి ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదని చట్టం, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఆదాయపు పన్నులో ఆ ఖర్చు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే చూపించుకోవాలి. సామాజిక బాధ్యత అంటూ స్టేజీ మీద మాట్లాడి, వెల్డింగు చేసినవాడిని ఆరు నెలలు తిప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఎనిమిదో పని: రెండు శాతం రూలు మీకు ఉందో లేదో చూసుకోండి

దీన్ని మొదట పెట్టకుండా ఇంత కిందకి తేవడం కావాలనే. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ కంపెనీలకే వర్తిస్తుంది. మీది భాగస్వామ్య సంస్థ అయితే ఆ బాధ్యత లేదు. కంపెనీ అయితే, కిందటి ఆర్థిక సంవత్సరంలో నెట్‌వర్త్ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి చేరినా వర్తిస్తుంది. చిన్నవాళ్లు తగిలేది మూడోదానికే. గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి, సగటు 6 కోట్లయితే 12 లక్షలు. ఆ మొత్తం 50 లక్షల లోపయితే విడిగా కమిటీ అక్కర్లేదు, బోర్డే చూసుకోవచ్చు.

జనం పొరపాటు పడేది ఎక్కడంటే, మీ ఉద్యోగులకి మాత్రమే ఉపయోగపడేది ఇందులోకి రాదు, మీ ఈటీపీ ఖర్చు రాదు, పార్టీలకిచ్చిన చందా రాదు. ఆ 2 శాతాన్ని ఆదాయపు పన్నులో వ్యాపార ఖర్చుగా చూపించడానికి కూడా ఒప్పుకోరు. బయటి సంస్థ ద్వారా చేయిస్తుంటే దానికి సీఎస్ఆర్ పనులు చేయడానికి కావాల్సిన సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. ఫ్యాక్టరీ చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇమ్మని చట్టమే చెబుతోంది, కాబట్టి ఎవరో మంత్రిగారి మనిషి వచ్చి వేరే జిల్లాలో ఖర్చు పెట్టమంటే ఈ మాట మర్యాదగా చెప్పడానికి పనికొస్తుంది.

తొమ్మిదో పని: కాగితం మీద చూపించుకోవడం

చేసింది చెప్పుకోవాలి, కానీ అంకెల్లో. స్టాక్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకి బీఆర్‌ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత, పర్యావరణ లెక్కల) రిపోర్టు తప్పనిసరి చేసింది, వాళ్లు ఇప్పుడు తమకి సరుకిచ్చేవాళ్లని కూడా కరెంటెంత, నీళ్లెంత, ప్రమాదాలెన్ని అని అడుగుతున్నారు. ఇనుము, అల్యూమినియం, సిమెంటు వాళ్లయితే యూరప్ కార్బన్ పన్ను (సరుకు తయారీలో వెలువడిన కార్బన్‌ని బట్టి దిగుమతి మీద వేసేది) గురించి ఇంకా గట్టిగా వింటున్నారు, 2026 జనవరి నుంచి అది లెక్కలోకి వచ్చేసింది. రెండో పనిలో చేసిన కాగితం మీ దగ్గర ఉంటే ఈ ఫారాలు ఒక సాయంత్రంలో నింపొచ్చు, లేకపోతే కన్సల్టెంట్‌కి డబ్బిచ్చి వాడు ఊహించిన అంకెలు పంపాలి. చిన్న పరిశ్రమలకి కేంద్రం జెడ్ (సరుకులో లోపం, పర్యావరణానికి హాని లేకుండా తయారు చేస్తున్నారని) సర్టిఫికెట్ ఇస్తోంది, కాంస్యం, రజతం, స్వర్ణం అని మూడు మెట్లు. ఫీజులో సూక్ష్మ సంస్థలకి 80, చిన్నవాటికి 60, మధ్య తరహావాటికి 50 శాతం రాయితీ, యజమాని మహిళ అయితే పూర్తిగా ఉచితం. కాంస్యంతో మొదలుపెట్టండి.

ఒక జాగ్రత్త. మంచి పనులు లెక్కల తప్పుల్ని కప్పవు. 108 అంబులెన్సులు 2005లో హైదరాబాద్‌లో మొదలైంది సత్యం రామలింగరాజు పెట్టిన సంస్థతోనే, ఎన్ని ప్రాణాలు కాపాడిందో మనందరికీ తెలుసు. 2009 జనవరి 7న తప్పుడు లెక్కలు ఒప్పుకుంటూ ఆయన రాసిన ఉత్తరం బయటికొచ్చాక ఆ అంబులెన్సులు సత్యం కంపెనీని కాపాడలేదు. అంబులెన్సులు మాత్రం వేరేవాళ్ల చేతుల్లో నడుస్తూనే ఉన్నాయి.

కొనేవాళ్ల ఫారంలో మీరు ఇంకా చేయని వాటికి టిక్కు పెట్టే టెంప్టేషన్ వస్తుంది, పక్క మిల్లు వాళ్లు పెట్టారని కూడా చెబుతారు. పెట్టకండి. "లేదు" అని రాసి, పక్కన ఏ నెలకి చేస్తారో తేదీ వేయండి. ఆ తేదీని మీ ఆఫీసు క్యాలెండర్‌లో కూడా ఎర్ర పెన్నుతో రాసుకోండి, వచ్చే ఏడాది ఫారంలో వాళ్లు ముందు అడిగేది దాని గురించే.